మావయ్య స్పీకర్ పెట్టెలు

జాడీ మూత తీయగానే గుప్పుమంది వాసన. రాత్రి నానేసిన లక్క తెల్లారేసరికి స్పిరిట్‌లో పూర్తిగా కరిగి, పల్చటి తేనె రంగులోకి వచ్చింది. ముందు స్పిరిట్ ఘాటు ముక్కుకి తగులుతుంది. ఒక్క క్షణం ఆగితే దాని వెనకాలే లక్క వాసన వస్తుంది, కాస్త తియ్యగా, చాన్నాళ్ళకి తెరిచిన బీరువాలోంచి వచ్చినట్టు. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు బాల్కనీలో పీట వేసుకుని కూర్చున్నవాణ్ణి కాస్తా, రాజమండ్రి కోటగుమ్మం దగ్గర సందులో, మావయ్య రేడియో కొట్టు వెనక వసారాలో తేలాను.

ఎదురుగా పాత పేపర్లు పరిచి, వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టిన మావయ్య స్పీకర్ పెట్టెలు రెండూ ఉన్నాయి.

మావయ్య పోయి అప్పటికి ఎనిమిది నెలలు. కార్యక్రమాలన్నీ అయ్యాక, చుట్టాలు ఒక్కొక్కరే బయల్దేరుతుంటే అత్తయ్య నన్ను హాల్లోకి పిలిచింది. "ఒరేయ్, వీటిని ఇలా చూడలేకపోతున్నాను. మీ మావయ్యకి పాలిష్ మాసిపోతే అస్సలు పడేది కాదు. నాలుగేళ్ళుగా ఓపిక లేక వదిలేశారు. నువ్వు తీసుకెళ్ళి బాగు చేయించి, సంవత్సరీకానికి తెచ్చి మళ్ళీ ఇక్కడే పెట్టు" అంది. చేయించడమెందుకు అత్తయ్యా, నేనే చేస్తానన్నాను. ఆ పని చేసే చేతుల్ని దగ్గరగా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

*

పరీక్షలు అయిన మర్నాడే అమ్మ నన్ను రాజమండ్రి బస్సెక్కించేది. ఇంట్లో ఉంటే మామిడి చెట్లెక్కి చేతులు విరగ్గొట్టుకుంటానని ఆవిడ భయం. మావయ్యకేమో చిల్లర పనులకి ఒక కుర్రాడు కావాలి. అలా రెండు నెలలూ నా మకాం కొట్లోనే.

కొట్టంటే పది అడుగుల వెడల్పు. మూడు గోడలకీ పైదాకా అరలు. అరల నిండా మర్ఫీ, ఫిలిప్స్, బుష్, హెచ్ఎంవీ, టెలిఫంకెన్ రేడియోలు, ప్రతి దానికీ పురికొసతో కట్టిన అట్టముక్క మీద సొంతదారు పేరు. రేడియో చెడిపోతే దాన్ని దుప్పట్లో చుట్టి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాళ్ళు, జ్వరం వచ్చిన పిల్లాణ్ణి ఆసుపత్రికి తెచ్చినట్టు. కొందరైతే బాగయ్యేదాకా కొట్టు ముందు బల్ల మీదే కూర్చునేవాళ్ళు. మావయ్య వెనక అట్ట విప్పి, గాజు బుడ్డీల్లాంటి వాల్వులు ఒక్కొక్కటీ తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి స్విచ్ వేసేవాడు. వాల్వు రేడియో వెయ్యగానే పలకదు. ముందు డయల్ మీద లైటు వెలుగుతుంది. వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం కొట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. సన్నగా ఒక గుర్రుమన్న చప్పుడు, తర్వాత ఎక్కడో దూరం నుంచి నడిచొస్తున్నట్టు గొంతు. పెద్ద రేడియోల్లో ఆకుపచ్చ మ్యాజిక్ కన్ను ఉండేది. స్టేషన్ సరిగ్గా దొరికితే ఆ కన్ను ఆకు ముడుచుకున్నట్టు ముడుచుకునేది. నేను దాని ముందు గంటలు గంటలు కూర్చున్నాను.

సాయంత్రం రేడియోలో వార్తలు వచ్చేవేళకి కొట్టు ముందు పది పన్నెండు మంది చేరేవారు. గోదావరి మీద పాత హేవలాక్ వంతెన ఎక్కే రైలు చప్పుడు గాలి వాటాన్ని బట్టి వినిపించేది. 1900లో కట్టిన వంతెన అది, 1997లో రైళ్ళు ఆపేశారు. ఇప్పుడు రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా ఆ చప్పుడు కోసం చెవులు రిక్కిస్తాను. కొత్త వంతెన మీద వెళ్ళే రైలుకి ఆ ఇనప మోత లేదు.

*

వెనక వసారా పాలిష్ తాతది.

ఆయన పేరు మాకెవరికీ అవసరం పడలేదు. మావయ్య "తాతగారూ" అనేవాడు, మిగతా అందరూ "పాలిష్ తాత" అనేవారు. మోకాళ్ళ దాకా పంచె, చేతులున్న బనీను. వేళ్ళు పదీ పాకం బెల్లం రంగులో ఉండేవి. ఎంత రుద్దినా పోని రంగు. భోజనం చెంచాతో చేసేవాడు.

రేడియో లోపలి పని మావయ్యది, పైపని ఆయనది. వాల్వుల వేడికి పెట్టె పైభాగం పాలిష్ ఎండి, నెర్రెలు విచ్చేది. ఆ మీద లేసు గుడ్డ, గుడ్డ మీద పూలకుండీ పెట్టేవాళ్ళు. కుండీ నీళ్ళు ఒలికి తెల్ల మచ్చలు. దసరాకి ఆయుధ పూజ చేసి పసుపూ కుంకుమా పెడితే ఆ బొట్లు పాలిష్‌లోకి దిగి అక్కడే ఉండిపోయేవి. తాత అవి చూసి ఎన్ని దసరాలు అయ్యాయో చెప్పేవాడు.

ఆయన సామగ్రి చాలా తక్కువ. లక్క పలుకులు, వాటిని చపడా అనేవాడు. పల్చగా, గాజుపెంకుల్లా ఉంటాయి, ఎండలోకి పట్టి చూస్తే ఎర్రగా మెరుస్తాయి. కొంచెం చంద్రస్ అనే చెట్టు బంక. స్పిరిట్. అవిసె నూనె. కావి రంగు పొడులు నాలుగైదు. సుద్దపొడి. ఉతికి ఉతికి మెత్తబడ్డ పంచె ముక్కలు, దూది. లక్క నానెయ్యడానికి ఆవకాయ జాడీ. ఒకసారి జాడీ కడగడానికి బద్ధకించి ఇనప డబ్బాలో నానేశాను. తెల్లారి చూస్తే నల్లగా మురుగు నీళ్ళలా ఉంది. ఆయన తిట్టలేదు. "ఇనుము తగిలితే లక్క నల్లబడుతుంది బాబూ. నీకు తెలీదు, దానికి తెలుసు" అని పారబోసి, నా చేతే మళ్ళీ నానేయించాడు.

లక్క పురుగు సంగతి మొదట చెప్పింది ఆయనే. మోదుగ కొమ్మల మీద, రేగు కొమ్మల మీద బియ్యపు గింజలో పదో వంతు లేని పురుగులు వేలకి వేలు చేరి, చెట్టు రసం తాగి, తమ మీద తామే కట్టుకునే గూడు అది. దాన్ని గీకి, కడిగి, కరిగించి, పల్చటి రేకులుగా సాగదీస్తారు. లాడ్ బజార్ గాజులకీ, ఏటికొప్పాక బొమ్మలకీ, మా చెల్లెలు ఆడుకునే లక్కపిడతలకీ ఆ పురుగే ఆధారం. పాండవుల్ని పెట్టి తగలబెట్టాలనుకున్న ఇల్లు కూడా అదేనంటే నేను జాడీకి రెండడుగులు దూరం జరిగాను. తాత చుట్ట కాల్చాలంటే సందు దాటి అవతలి అరుగు మీదకి వెళ్ళేవాడు. వసారాలో అగ్గిపుల్ల గీయడం ఎవరికీ కుదరదు.

ఓ మధ్యాహ్నం మావయ్య పక్కన పడేసిన పగిలిన గ్రామఫోన్ రికార్డు ముక్క, 78 స్పీడుది, తీసుకుని తాత దాని మీద స్పిరిట్ గుడ్డతో రుద్దాడు. గుడ్డ నల్లగా అయింది. నిగనిగలాడే గాడులన్నీ చెరిగిపోయి, వేలికి జిగురు తగిలింది. "వాసన చూడు" అన్నాడు. చూశాను. జాడీలో వాసనే. ఆ రోజుల్లో రికార్డులు పోసేది కూడా లక్కతోనే, మసీ రాతిపొడీ కలిపి. పాట దాచుకున్నదీ లక్కే, పాట వచ్చే పెట్టెకి మెరుగు పెట్టేదీ లక్కే. ఆ ముక్క చాలాకాలం నా పెన్సిల్ డబ్బాలో ఉండేది.

*

పాలిష్ వెయ్యడం అనేవాడు కాదు ఆయన, ఎక్కించడం అనేవాడు.

గుప్పెడు దూదిని లక్కలో ముంచి, పిండి, పంచె ముక్కలో పెట్టి మెలి తిప్పితే చిన్న మూట అవుతుంది, కింది వైపు ముడత లేకుండా నున్నగా, ముందువైపు కొంచెం కోసుగా, మూలల్లోకి దూరడానికి. దాన్ని ముందు కాగితం మీద అద్ది చూడాలి. తడి మచ్చ పడితే ఎక్కువైనట్టు. చెక్క మీద ఊపిరి పట్టినంత చెమ్మ కనపడి, మూట వెనకాలే ఆరిపోతూ రావాలి. ముందు చేవ గీతల వెంబడి, తర్వాత గుండ్రాలు, తర్వాత ఎనిమిది అంకెలు. మూట అంటుకుంటున్నట్టు అనిపిస్తే వేలి కొనతో ఒక్క చుక్క అవిసె నూనె. ఎక్కడా ఆగకూడదు. ఆగితే అక్కడే గుడ్డ నేత అచ్చు పడిపోతుంది. పడవ రేవుకి ఒరుసుకుంటూ వచ్చినట్టు రావాలి, ఒరుసుకుంటూనే వెళ్ళిపోవాలి అని చేత్తో గాల్లో చూపించేవాడు. రోజుకి అలా కొన్ని పూతలు, ఒక రోజు విశ్రాంతి. చెక్కకి కాదు, లక్కకి. లోపలి స్పిరిట్ పూర్తిగా ఎగిరిపోతే గానీ పై పూత నిలవదు.

వానాకాలం పని పట్టేవాడు కాదు. గాల్లో తడి ఉంటే ఆరుతున్న లక్క పాలలా తెల్లబడుతుంది. ఆషాఢం వస్తే జాడీ బోర్లించి ఊరికి వెళ్ళిపోయేవాడు. సంక్రాంతి నుంచి ఎండలు ముదిరేదాకా ఆయనకి తీరిక ఉండేది కాదు.

"లక్కకి మూడే శత్రువులు. వేడి, నీళ్ళు, సారా" అనేవాడు. కొట్టుకొచ్చే ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. ఎవరూ వినేవారు కాదు, అందరికన్నా ఎక్కువగా వినని మనిషి మా మావయ్యే.

*

క్యాసెట్లు వచ్చాయి. కొట్టు ముఖం మారిపోయింది. జనం ఖాళీ క్యాసెట్టూ, పాటల చీటీ తెచ్చి ఇస్తే మావయ్య రికార్డు చేసిపెట్టేవాడు. అరవై నిమిషాల క్యాసెట్‌కి అటు ముప్పై, ఇటు ముప్పై, ఏ పాట తర్వాత ఏ పాట పడితే టేపు వృథా కాదో లెక్క వెయ్యడం నా పని. స్టీరియో ఆంప్లిఫయర్ తనే సొంతంగా కట్టుకుని, దానికి తగ్గ స్పీకర్లు కావాలని మావయ్య పట్టుబట్టాడు.

8 అంగుళాల ఫిలిప్స్ స్పీకర్లు రెండు, సన్న స్వరాలు పలికే చిన్న ట్వీటర్లు రెండు. దళసరి ప్లైవుడ్ పెట్టె, పైన రోజ్‌వుడ్ వెనీర్, అంటే పల్చటి చెక్క రేకు. వడ్రంగి వెనీరుని వజ్రపు బంకతో, అంటే పశువుల తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసే జిగురుతో అతికించి, పైన ఇటుకలు పేర్చి రెండు రోజులు ఉంచాడు. లోపల గోడలకి పరుపులు కుట్టే కొట్టు నుంచి తెచ్చిన దూది. రెండు పెట్టెలకీ ఒకే దుంగలోంచి తీసిన వెనీరు, గీతలు ఎదురెదురుగా, తలుపు రెక్కల్లా. తాత ఆ పెట్టెల మీద నెల రోజులు కూర్చున్నాడు. డబ్బు మాట ఎత్తితే చెయ్యి అడ్డం ఊపాడు. పని అయిన రోజు వాటిని వసారా గుమ్మంలో పెట్టి, పక్క నుంచి చూడమన్నాడు. ఎదురుగా చూస్తే చెక్క. పక్క నుంచి చూస్తే, చెక్క మీద నీళ్ళు నిలబడ్డట్టు ఉంది.

నాలుగో రోజు పొద్దున మావయ్య ఏదో పాట వింటూ, పరధ్యానంగా, పొగలు కక్కే కాఫీ గ్లాసు కుడి పెట్టె మీద పెట్టేశాడు. తీసేసరికి తెల్లటి చక్రం.

తాత వచ్చి చూశాడు. నేను ఆయనకి కోపం రావడం చూసింది ఆ ఒక్కసారే. "మీ చేతికి పని నేర్పాను గానీ బుద్ధి నేర్పలేకపోయాను" అన్నాడు. మావయ్య తల వంచుకుని నిలబడ్డాడు, బళ్ళో పిల్లాడిలా. తర్వాత తాత మూటకి స్పిరిట్ తడి తగిలీ తగలనట్టు అద్ది, ఆ చక్రం మీద నుంచి మూడుసార్లు గాలిలా దాటించాడు. మచ్చ మాయమైంది. తడి చెక్కలోకి దిగలేదనీ, లక్కలోనే చిక్కుకుందనీ, స్పిరిట్ తలుపు తీస్తే అదే బయటికి పోతుందనీ నాకు చెప్పాడు.

నెల తిరక్కుండా మావయ్య మళ్ళీ అక్కడే పెట్టాడు. ఆ తర్వాత తాత చెరపడం, మావయ్య పెట్టడం. తాత పోయాక చెరిపేవాళ్ళు లేరు.

*

హైదరాబాదులో ముందు ఒక ఫర్నిచర్ కొట్టుకి తీసుకెళ్ళి చూపించాను. కుర్రాడు మంచివాడే. "మొత్తం గీకేసి పీయూ కొట్టేద్దాం సార్, అద్దంలా వస్తుంది, జన్మకి చూసుకోనక్కర్లేదు" అన్నాడు. పీయూ అంటే పాలీయురెథేన్, గట్టి పూతే, కాదనను. కానీ అది చెక్కకి తొడిగిన గాజు తొడుగు. గీకెయ్యడం అన్న మాట దగ్గరే నేను పెట్టెలు ఎత్తుకుని వచ్చేశాను.

గీకడమంటే ఏమిటో నాకు తెలుసు. చాలా ఏళ్ళ కిందట ఒక పాత మర్ఫీ రేడియో కొని, ఉత్సాహం కొద్దీ మిషనుకి గరుకు కాగితం తగిలించి రుద్దాను. వెనీరు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. రెండు నిమిషాల్లో మూల దగ్గర గోధుమరంగు పోయి, కింది ప్లైవుడ్ పాలిపోయి బయటపడింది. ఎముక కనపడ్డట్టు అనిపించింది. దానికి మందు లేదు. ఆ రేడియో ఇప్పటికీ నా గదిలో ఉంది, ఆ మూల గోడ వైపు తిప్పి పెట్టుకున్నాను.

ఈసారి ఒక్క గీత కూడా గీకదలుచుకోలేదు. స్పీకర్లు విప్పి, వైర్లకి గుర్తులు కట్టి, 1.5 వోల్టుల సెల్లు ఆనించి చూశాను. ఏ కొసకి ప్లస్ ఆనిస్తే కోన్ ముందుకొస్తుందో దానికి ఎర్రదారం. పెట్టె అడుగున, ఎవరికీ కనపడని చోట, దూదికి స్పిరిట్ అద్ది నిమిషం ఉంచాను. దూది జిగురుగా అంటుకుని గోధుమరంగు తేలింది. లక్కే. నలభై ఏళ్ళు దాటినా స్పిరిట్‌ని గుర్తుపట్టింది.

తర్వాత టర్పెంటైన్‌తో తుడవడం. అది లక్కని ముట్టుకోదు, జిడ్డునీ మైనాన్నీ మాత్రమే లాగుతుంది. దూది ఉండలు ఒకదాని తర్వాత ఒకటి నల్లగా వచ్చాయి. అగరొత్తుల పొగ, వంటింటి నూనె, చేతుల చెమట. పై అంచున పసుపు బొట్లు బయటపడ్డాయి. లెక్కపెట్టడానికి చూశాను, ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయాయి. అవి తియ్యలేదు. ఎడమ పెట్టె పక్కన వెనీరు బుడగలా లేచింది. తడిగుడ్డ పెడితే లక్క పాడవుతుందని పొడి గుడ్డ వేసి గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టె ఆనించి, పైన రోలు పొత్రం బరువు పెట్టాను. వజ్రపు బంక వేడికి మళ్ళీ మెత్తబడి, పొద్దున్నకి కరుచుకుంది. 

జత రంగు దగ్గర చిక్కొచ్చింది. కుడి పెట్టె కిటికీ పక్కన ఉండేది, పడమటెండ తగిలి తగిలి చామనఛాయకి దిగింది. ఎడమది ఇంకా ముదురు వంకాయ రంగులోనే ఉంది. జాలీ గుడ్డ చట్రం తీస్తే కింద ఎండ చూడని రోజ్‌వుడ్, తాత ఇచ్చిన రోజు రంగు, నాలుగు వేళ్ళ వెడల్పున పట్టీలా. కావి కలిపి కుడిదాన్ని ముదురు చెయ్యొచ్చు. మూడు రోజులు చెక్కముక్కల మీద రంగులు కలిపి చూసుకున్నాను. ఆఖరికి మానేశాను. ఆ కిటికీ పక్కన, ఆ ఎండలోనే మావయ్య పడక్కుర్చీ ఉండేది. ఆయన మీద పడ్డ ఎండే దాని మీదా పడింది.

లీటరు స్పిరిట్‌కి 200 గ్రాముల చపడా నానేసి, పల్చటి గుడ్డతో వడకట్టాను. మొదట ఉత్త స్పిరిట్ మూట, ఆగీ ఆగనట్టు. పొడిపొడిగా నెర్రెలు విచ్చిన పాత లక్క మెత్తబడి, తనంత తనే పరుచుకుని, నెర్రెలు మూసుకోవడం కళ్ళెదురుగా చూశాను. తాత వేసిన లక్కే మళ్ళీ లేచింది. నేను వేసిన కొత్త లక్క దాని మీద నాలుగు పల్చటి పూతలు మించదు. ఎనిమిది అంకెలు వేస్తుంటే భుజం ముందు మర్చిపోయింది, రెండో రోజుకి చెయ్యి గుర్తు తెచ్చుకుంది.

కుడి పెట్టె మీద చక్రాలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉన్నాయి, వాన చినుకులు పడ్డ గుంటలోలాగా. ఒక రాత్రంతా కూర్చుని, మూట పొడిగా పట్టుకుని, కొంచెం కొంచెంగా వాటిని వదిలించాను. తెల్లారి పక్క నుంచి చూశాను. నీళ్ళు నిలబడ్డట్టే ఉంది. ఒక్క మచ్చ లేదు. తాత ఉండి ఉంటే చూపించేవాణ్ణి.

*

సంవత్సరీకానికి రెండు రోజుల ముందే కారులో దుప్పట్లు చుట్టి తీసుకెళ్ళాను. ఎక్కడివి అక్కడ పెట్టి, వైర్లు కలిపాను. అత్తయ్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చాలాసేపు ఏమీ అనలేదు. ఎడమ పెట్టెని చూసింది. కుడి పెట్టె దగ్గరికి వెళ్ళి, అరచెయ్యి దాని మీద పెట్టి, మెల్లగా రాసింది. మళ్ళీ రాసింది. కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది.

"ఇక్కడ గుండ్రంగా ఉండాలి కదరా" అంది.

నాకు నోట మాట రాలేదు. "అదీ... పోయింది అత్తయ్యా" అన్నాను.

"బాగా చేశావు నాయనా. కొత్తవాటిలా ఉన్నాయి" అని వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు, ఫిల్టరు మూత చప్పుడు వినపడ్డాయి. కాసేపటికి మావయ్య పొడుగు స్టీలు గ్లాసు కొంగుతో పట్టుకుని వచ్చింది, నిండా కాఫీ, పొగలు వస్తూ. నాకిస్తుందనుకుని చెయ్యి చాపాను. ఆవిడ నన్ను దాటి వెళ్ళి, గ్లాసు కుడి పెట్టె మీద, కిటికీ వైపు మూలకి జానెడు ఇవతల పెట్టి, పడక్కుర్చీ అంచున కూర్చుంది.

నేను ఆపలేదు. స్విచ్ వేశాను.